మా రోడ్డు పొగ, మన్నార్ సముద్రం

ముందుమాట

మా నాయన లోడు లారీ డ్రైవరు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లోడు ఎక్కించుకొని, ఎట్టయపురం మీదుగా తూత్తుకుడి ఓడరేవుకు పోతారు. సుమారు 60 కిలోమీటర్ల దారి. పోయిన ఆడి నెలలో ఒక ఆదివారం నేను కూడా బండిలో పోయాను. ఇద్దరు మనుషులు పట్టుకున్నా తువ్వాలు నిలవనంత గాలి. మా ముందు పోయే లారీ నల్లగా పొగ కక్కుతూ ఉంటే, "నాయనా, ఈ పొగంతా యాడికి పోతుంది?" అని అడిగాను.

"యాడికి పోతుంది పాపా, గాలిలో కలిసిపోతుంది. ఆడి గాలి కదా, సముద్రం దాకా తోసుకుపోతుంది" అన్నారు.

ఈ మాట మా హిస్టరీ టీచర్‌తో చెప్పితే, "రాజులకే కాదు, పొగకు కూడా చరిత్ర ఉంది, రాసుకురా" అన్నారు. అందుకే ఈ వ్యాసం. మా నాయన ఊరికే అన్న మాట నిజమని చదివాక తెలిసింది.

గాలిలో ఉన్న ఎరువు

మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నత్రజని. దీన్ని 1772లో స్కాట్లాండ్‌లో డేనియల్ రూథర్‌ఫర్డ్ కనిపెట్టారు. నత్రజని లేకపోతే చెట్టూ చేమా పెరగవు. అయినా గాలిలో ఉన్న నత్రజనిని మొక్క నేరుగా తినలేదు. దాని రెండు పరమాణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిని విడదీసేది పిడుగు, లేదా మినుము, పెసర లాంటి పైర్ల వేళ్ళలో ఉండే సూక్ష్మజీవులు. మా కరిసల్ భూమిలో అవ్వావాళ్ళు మినుములు చల్లేది పప్పు కోసం మాత్రమే కాదు, భూమికి బలం వస్తుందని కూడా.

1909లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసి చూపారు. 1913లో కార్ల్ బాష్ దాన్ని పెద్ద ఫ్యాక్టరీగా నడిపించారు. యూరియా వచ్చింది ఈ దారిలోనే. ఇది అన్ని పుస్తకాల్లోనూ ఉంది.

కాని అదే కాలంలో ఇంకొక ఫ్యాక్టరీ మొదలైంది. దాన్ని ఎవరూ ఫ్యాక్టరీ అనుకోలేదు. అదే మోటారు ఇంజను. ఇంజను లోపల వేడి చాలా ఎక్కువ. ఆ వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అంటే అది ముఖ్యంగా డీజిల్‌లో నుంచి రాదు, గాలిలో నుంచే వస్తుంది. బయటికి వచ్చాక నైట్రోజన్ డయాక్సైడ్ అయి, ఎండ, తేమ తగిలి చివరికి నైట్రిక్ ఆమ్లంగా మారుతుంది. పొగలో నల్లగా కనిపించేది మసి. ఈ నత్రజని కంటికి కనపడదు. ఇది మొక్క తినగలిగిన నత్రజని. ఒక విధంగా చెప్పాలంటే, మా నాయన లారీ ప్రతి ట్రిప్పుకూ గాలిలో కొంచెం ఎరువు చల్లుకుంటూ పోతుంది.

వానను కొలిచినవాళ్ళు

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ బట్టల మిల్లుల ఊరు. అక్కడ రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త వాన నీళ్ళు పట్టి పరీక్ష చేసి, ఊరి పొగకూ వానలోని ఆమ్లానికీ సంబంధం ఉందని 1852లో రాశారు. రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కూడా 1850ల్లోనే వానలో నత్రజని ఎంతుందో కొలిచారు. పైరుకు వాన ఎంత ఎరువు ఇస్తుందో తెలుసుకోవాలని వాళ్ళ ఆశ.

ఆ వాన సముద్రం మీద పడితే ఏమవుతుందని అడగడానికి ఇంకా నూరేళ్ళకు పైగా పట్టింది. 1985లో అమెరికాలో హాన్స్ పేర్ల్ అనే శాస్త్రవేత్త నార్త్ కరోలినా తీరంలో, నత్రజని ఎక్కువగా ఉన్న వాన నీళ్ళు సముద్రపు నీళ్ళలో కలిస్తే శైవలాలు ఎక్కువగా పెరుగుతాయని చూపారు. 1988లో చెసపీక్ అఖాతం గురించి ఒక నివేదిక వచ్చింది. మనుషుల వల్ల ఆ అఖాతంలో చేరే నత్రజనిలో దాదాపు నాలుగో వంతు గాలి దారిలోనే వస్తుందని అందులో ఉంది. అంతవరకు అందరూ కాలువలనూ పొలాలనూ మాత్రమే చూశారు. తల ఎత్తి చూడలేదు.

మన వైపు చరిత్ర

మన వైపు పొగ ఆవిరితో వచ్చింది. 1876లో తూత్తుకుడికి రైలు వచ్చింది. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళై బ్రిటిషువాళ్ళ ఓడల కంపెనీకి పోటీగా స్వదేశీ స్టీమర్ కంపెనీ పెట్టారు. 1908లో కోరల్ మిల్లు కార్మికులు సమ్మె చేశారు. ఇవన్నీ మనం గర్వంగా చదివే పాఠాలు. ఆ ఓడల పొగను ఎవరూ లెక్క పెట్టలేదు. అది వాళ్ళ తప్పు కాదు, అప్పటికి అది తెలిసిన విషయం కాదు.

తర్వాత వేగం పెరిగింది. 1974 జూలైలో తూత్తుకుడి పెద్ద ఓడరేవుగా ప్రకటించబడింది. 1979లో అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. ఒక్కొక్కటి 210 మెగావాట్లుగా అయిదు యూనిట్లు వచ్చాయి, మొత్తం 1050. ఇటు విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి దారి నాలుగు వరుసల జాతీయ రహదారి అయింది.

ఇంకొక పక్క, 1986లో తూత్తుకుడి నుంచి పాంబన్ దాకా ఉన్న 21 దీవులను మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పగడాలు, సముద్రపు గడ్డి, వాటిని తినే సముద్రపు ఆవులు అక్కడ ఉన్నాయి. అంటే పగడాలను కాపాడే గీత ఒకటి, పొగ గొట్టాలు ఒకటి, దాదాపు ఒకే కాలంలో పక్కపక్కనే వచ్చాయి.

చట్టాలు చూడండి. నీటి కాలుష్య చట్టం 1974లో, గాలి కాలుష్య చట్టం 1981లో వచ్చాయి. నీటికి ఒక చట్టం, గాలికి ఒక చట్టం. గాలే నీటిలో పడితే అది ఏ చట్టం లెక్కలోకి వస్తుంది? నాకు ఈ చరిత్రలో ముఖ్యంగా అనిపించింది ఇదే. మనం రెండుగా విడదీసి రాసుకున్నాము. గాలికీ సముద్రానికీ ఆ గీత తెలియదు.

పొగ సముద్రంలో ఎట్లా పడుతుంది

మూడు దారులు ఉన్నాయి.

మొదటిది ఆడి గాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన వైపు గాలి పడమటి నుంచి తూర్పుకు, అంటే నేల నుంచి సముద్రానికి వీస్తుంది. కయత్తారు గాలిమరలు తిరిగేది ఈ గాలికే. తీరంలో గాలిలో ఉప్పు కణాలు ఉంటాయి. నైట్రిక్ ఆమ్లం ఆ ఉప్పుతో కలిసి సోడియం నైట్రేట్ అవుతుంది. ఈ కణాలు పెద్దవి, బరువైనవి. అందువల్ల ఎక్కువ దూరం పోకుండా తీరం దగ్గరే పడిపోతాయి.

రెండోది వాన. మనకు పెద్ద వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అది గాలిని కడిగి కిందికి దించుతుంది.

మూడోది వైప్పారు. రోడ్ల మీదా, ఇంటి కప్పుల మీదా, కరిసల్ మన్ను మీదా నెలల తరబడి పడిన నత్రజనిలో కొంత వాన వచ్చినప్పుడు కొట్టుకొని, సాత్తూరు దాటి మన్నార్ సముద్రంలో కలుస్తుంది.

"మరి శివకాశి టపాసులు?" అని మా క్లాసులో అందరూ అడిగారు. టపాసు మందులో పొటాషియం నైట్రేట్ ఉండేది నిజమే. కాని కాలినప్పుడు అందులోని నత్రజని చాలా వరకు మామూలు నత్రజనిగా తిరిగి గాలిలోకే పోతుంది. టపాసు పొగ ఊపిరికి చెడ్డది. అయితే సముద్రం లెక్కలో సంవత్సరం పొడుగునా నడిచే ఇంజన్లనూ, బొగ్గు మంటనూ ముందు చూడాలి.

సముద్రంలో ఏం జరుగుతుంది

ఎరువు ఎక్కువైతే చెరువులో నాచు పట్టినట్టే, సముద్రంలోనూ కంటికి కనపడని శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్ళినప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చేపలకు ఊపిరి ఆడదు. పగడాలకు ఎండ అందదు.

2008 అక్టోబర్‌లోనూ, 2019 సెప్టెంబర్‌లోనూ మన్నార్ సింధుశాఖలో నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి పెరిగి నీళ్ళు పచ్చగా మారాయి. చేపలు చచ్చి ఒడ్డుకు వచ్చాయి. 2019లో పగడాలు కూడా దెబ్బతిన్నాయి. దీనికి లారీ పొగే కారణం అని నేను చెప్పను. మురుగు నీళ్ళు, పొలాల ఎరువు, నీటి వేడి, సముద్రపు ప్రవాహాలు అన్నీ కలిసి పని చేస్తాయి. గాలి వాటిలో ఒక దారి. కాని మిగతా దారులు కంటికి కనిపిస్తాయి, ఇది కనిపించదు. అందుకే దీన్ని ఎక్కువగా మరిచిపోతాము.

ముగింపు

థర్మల్ కేంద్రాల నైట్రోజన్ ఆక్సైడ్లకు మన దేశంలో 2015 డిసెంబర్‌లో పరిమితి పెట్టారు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6 గా రావాలి. కొత్త లారీల్లో డీజిల్ ట్యాంకు పక్కన ఒక చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో యూరియా నీళ్ళు పోస్తారు. అది పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను మళ్ళీ మామూలు నత్రజనిగా మార్చేస్తుంది. పొలంలో నత్రజని ఇచ్చే యూరియా, లారీలో నత్రజనిని ఆపడానికి పనికి వస్తుందంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఈ వ్యాసం రాసి మా నాయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే బండి ఆపేయమంటావా పాపా?" అని అడిగారు. మా స్కూలు ఫీజు, ఇంటి బియ్యం, అవ్వ మందులు అన్నీ ఆ బండి మీదే నడుస్తాయి. ఆపమని నేను ఎట్లా చెప్తాను? ఆయన నడిపే పాత లారీకి ఆ చిన్న ట్యాంకే లేదు. ఓనరు దగ్గర ఉన్న కొత్త లారీని అప్పుడప్పుడు నడుపుతారు. కొంతమంది యూరియా ఖర్చు మిగులుతుందని ఆ ఏర్పాటు పని చేయకుండా చేసేస్తారంట.

"మనది మాత్రం సరిగ్గా పోయండి నాయనా, అది చేపల కోసం" అన్నాను.

"ఇన్నాళ్ళూ దాన్ని దండగ ఖర్చు అనుకున్నాను" అన్నారు.