మెదడు గాయం, న్యుమోనియా, నర్సింగ్ సేవ: పరిణామక్రమం

తలకు తీవ్రమైన దెబ్బ తగిలి, దాని నుంచి బతికి బయటపడ్డవారిని సైతం కొద్దిరోజుల్లోనే న్యుమోనియా కబళించడం వైద్యులు చాలాకాలంగా గమనిస్తూ వచ్చిన విషయమే. మెడ గుండా దిగే వేగస్ నాడులను కత్తిరించిన కుందేళ్ల ఊపిరితిత్తులు ఎందుకు వాచిపోతున్నాయో పరిశీలించిన జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ట్రౌబే, గొంతు పట్టు తప్పి నోటి ద్రవాలు శ్వాసనాళంలోకి జారడమే అందుకు కారణమని 1846లో నిరూపించబూనాడు. ఆరోగ్యవంతుడికి నీటిచుక్క దారితప్పితే పొలమారి దగ్గు వస్తుంది. గాఢమైన అపస్మారకంలో ఆ దగ్గే రాదు గనుక లాలాజలమూ, కడుపులోంచి ఎగదన్నిన ఆమ్లమూ అడ్డు లేకుండా లోపలికి చేరతాయి.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచనపై రోగుల మెడ ముందుభాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, అంటే ట్రకియాస్టమీ చేసి, గొట్టం అమర్చగా, వందలాది వైద్యవిద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశారు. ఐసీయూల పుట్టుకకు దారితీసిన ఈ పద్ధతి తలగాయాల చికిత్సకూ ఆధారమైంది. 1974లో గ్లాస్గోకు చెందిన టీస్‌డేల్, జెనెట్ స్పృహను కొలిచే కోమా స్కేలును ప్రకటించిన తరువాత, అందులో 8 లేదా అంతకు తక్కువ వచ్చిన గాయపడ్డవారికి శ్వాసగొట్టం వేయడం ఆనవాయితీ అయింది.

అయితే ప్రాణం నిలిపిన గొట్టమే సూక్ష్మక్రిములకు దారి కూడా చూపింది. గొట్టం చుట్టూ ఉబ్బే చిన్న గాలిబుడగ పైభాగాన లాలాజలం మడుగు కట్టి, బుడగ ముడతల గుండా బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. బుడగలో ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటిమట్టం కన్నా తగ్గితే కారుడు పెరుగుతుంది, 30 దాటితే శ్వాసనాళపు గోడ నలుగుతుంది. ఆ కొలతను పదేపదే సరిచూసేది నర్సే.

తలగాయం విషయంలో నర్సు పని మరింత కత్తిమీద సాము. కఫం తీయడానికి సక్షన్ గొట్టం దించిన ప్రతిసారీ కపాలంలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ముందుగా ఆక్సిజన్ పెంచి, ఒక్కో విడతను 15 సెకన్లలోపే ముగించాలి. పక్కకు తిప్పేటప్పుడు మెడ వంగితే మెదడు నుంచి రక్తం దిగే సిరలు నొక్కుకుపోతాయి. తలవైపు మంచాన్ని ఎత్తి ఉంచడం మాత్రం మెదడుకూ, ఊపిరితిత్తులకూ మేలు చేస్తుంది. వెంటిలేటర్‌పై ఉన్న రోగులను 45 డిగ్రీల ఏటవాలులో ఉంచితే న్యుమోనియా అనుమానం 8 శాతానికే పరిమితమైందనీ, వెల్లకిలా పడుకోబెడితే 34 శాతానికి చేరిందనీ 1999లో బార్సిలోనా వైద్యులు చూపారు. మామూలుగా కనిపించే ఈ పనికి ఇంత ఆలస్యంగా పరీక్ష జరగడం విచారకరం. నోటి శుభ్రతదీ అదే తీరు: ఏళ్లతరబడి వాడిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని 2022 నాటి అమెరికన్ మార్గదర్శకాలు పక్కనబెట్టి, బ్రష్‌తో పళ్లు తోమడాన్నే సిఫారసు చేశాయి.

ఈలోగా, గాయపడ్డ మెదడు నాడుల ద్వారా రోగనిరోధకశక్తినే అణచివేస్తుందని 21వ శతాబ్దపు తొలి దశకపు పరిశోధనలు తెలిపాయి. ఫ్రాన్స్‌లో జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో, శ్వాసగొట్టం వేసిన తొలి గంటల్లోనే ఇచ్చిన ఒకే ఒక్క సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయోటిక్) మోతాదు తొలివారపు న్యుమోనియాను 32 శాతం నుంచి 14 శాతానికి తగ్గించింది. ఈ ఫలితం విలువైనదే అయినా, ఆ మోతాదు ప్రభావం తొలిరోజులకే పరిమితం; ఆపై వారాల భారమంతా మంచం పక్కనున్నవారిదే. గొట్టం తీసి స్పృహ వచ్చాక కూడా మింగుడు పరీక్ష జరగనిదే నోట నీళ్లు పోయకూడదన్న నియమం ఆ బాధ్యతలో భాగమే.