తిరుమల శాసనాలు – డిజిటల్ సాధనాలు: చరిత్ర విద్యార్థి ఎదుర్కొనే సమస్యలు

తిరుపతిలో చరిత్ర చదివే విద్యార్థికి ఆధారాల కొరత లేదు. తిరుమల, తిరుపతి, తిరుచానూరు ఆలయాలకు సంబంధించి వెయ్యికి పైగా శాసనాలు లభించాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటిని పరిశీలించి 1930లో నివేదిక వెలువరించారు. ఆ దశాబ్దంలోనే శాసన పాఠాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. దేవస్థానం పాలన మహంతుల చేతి నుంచి ధర్మకర్తల మండలికి మారిన 1933 కూడా ఈ ప్రచురణ కాలంలోనిదే. ఒకప్పుడు పెద్ద గ్రంథాలయాలకు వెళ్తే తప్ప కనిపించని ఆ సంపుటాలు ఇప్పుడు పి.డి.ఎఫ్. రూపంలో డిగ్రీ విద్యార్థి ఫోనులో ఉంటున్నాయి. వాటిని పట్టికలుగా, పటాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితంగానే లభిస్తున్నాయి. ఈ మార్పిడి జరిగే క్రమంలో ఆధారానికి ఏమవుతుందో పరిశీలించడం ఈ వ్యాస పరిధి.

శాసనాలను లెక్కించి చరిత్ర రాయడం కంప్యూటరుతో మొదలైన పద్ధతి కాదు. బర్టన్ స్టెయిన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో తిరుపతి శాసనాల్లోని గ్రామదానాలను, ధనదానాలను వర్గీకరించి, ఆలయం పొందిన ధనం దేవాలయ గ్రామాల్లో నీటిపారుదలకు పెట్టుబడిగా మారిన తీరును చూపారు. నొబొరు కరషిమ, వై. సుబ్బరాయలు, తోరు మత్సుయి చోళ శాసనాల్లోని వ్యక్తినామాల సూచికను 1978లో మూడు సంపుటాలుగా తెచ్చారు. అందులో కంప్యూటరును వినియోగించారు. సింథియా టాల్బట్ కాకతీయ యుగంపై 2001లో ప్రచురించిన గ్రంథానికి కూడా శాసనాల గణనే పునాది. మూలభాషలు నేర్చుకున్న తరువాతే లెక్కకు దిగడం సరైన వరుస. నేటి విద్యార్థి విషయంలో ఈ వరుస తారుమారవుతోంది. పట్టిక ముందు వస్తోంది, పాఠం తరువాత వస్తోంది. కొన్నిసార్లు రావడమే లేదు.

ఇందుకు భాష ఒక ముఖ్య కారణం. తిరుమల శాసనాల్లో అత్యధికం తమిళంలో ఉన్నాయి. తెలుగు, కన్నడ శాసనాలు చాలా తక్కువ. గ్రంథ లిపి కలిసిన తమిళ పుటను అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేరుకు ఇస్తే ఫలితం అక్కరకు రాని విధంగా ఉంటుంది. పాత తెలుగు అచ్చులోనూ అరసున్నలు, శకటరేఫలు, తెలుగు అంకెలు తప్పుగా రావడం పరిపాటి. అందుచేత విద్యార్థి సంపుటాల్లోని ఆంగ్ల సారాంశం మీద ఆధారపడతాడు. తమిళం ఇంటిలోనో వీధిలోనో వినిపించే చిత్తూరు సరిహద్దు మండలాల విద్యార్థులకు ఈ విషయంలో సహజమైన వెసులుబాటు ఉంది. మన పాఠ్యప్రణాళికలు దానిని ఎన్నడూ ఒక అర్హతగా గుర్తించలేదు.

తేదీల సమస్య మరింత సూక్ష్మమైనది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ నేర్చుకునే సూత్రం. పట్టికలో ఒక గడిలో ఈ సూత్రం రాసి కిందికి లాగితే వందల తేదీలు క్షణంలో మారిపోతాయి. కాని జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే తేదీలకు 79 కలపాలి. శ్రీకృష్ణదేవరాయలు తిరుమలకు ఏడుసార్లు వచ్చినట్లు శాసనాల ఆధారంగా చరిత్రకారులు చెబుతారు. మొదటి యాత్ర 1513 ఫిబ్రవరి 10, శక 1434 ఆంగీరస సంవత్సరం. సూత్రం ప్రకారం అది 1512 అవుతుంది. 1517 జనవరి, 1521 ఫిబ్రవరి యాత్రలు కూడా ఇలాగే ఒక్కో ఏడాది వెనక్కి జరుగుతాయి. ఏడింటిలో మూడు తప్పుతాయన్నమాట. మొదటి రెండు యాత్రల మధ్య ఉన్నది మూడు నెలల లోపు వ్యవధి మాత్రమే. రెండవది 1513 మే 2న జరిగింది. పట్టికలో మాత్రం అవి వేరువేరు సంవత్సరాల్లో పడి, రాయల ఉత్కళ దండయాత్రతో ఈ యాత్రలకు గల సంబంధాన్ని చర్చించేవారిని పక్కదారి పట్టిస్తాయి. దీనికి తోడు ఎక్సెల్ 1900కు పూర్వపు తేదీని తేదీగా గుర్తించదు, అక్షరాలుగానే చూస్తుంది. రోజు, నెల, సంవత్సరం వరుసలో నమోదు చేసి క్రమంలో పెట్టమంటే 02-01-1517 అన్నది 10-02-1513 కంటే ముందు నిలుస్తుంది. సంవత్సరం, నెల, రోజు వేరువేరు గడుల్లో రాసుకొని, శాసనంలోని శక సంవత్సరం, మాసం, తిథి ఉన్నవి ఉన్నట్లుగా పక్కనే ఉంచడం దీనికి తేలికైన పరిష్కారం.

శక సంవత్సరమే లేని శాసనం ఎదురైనప్పుడు సూత్రం అసలు పనిచేయదు. భోగ శ్రీనివాసమూర్తి రజత విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవాయి శాసనం రాజు పాలనలో పద్నాలుగవ సంవత్సరాన్ని మాత్రమే చెబుతుంది. ఆ రాజు ఎవరన్న నిర్ణయాన్ని బట్టి తేదీ మారుతుంది. అంతర్జాలంలో క్రీ.శ. 614 అనీ, 966 అనీ రెండూ కనిపిస్తాయి. మూడున్నర శతాబ్దాల అంతరం ఇది. పట్టికలోని ఒక్క గడిలో ఏదో ఒకటి రాయక తప్పని విద్యార్థి తెలియకుండానే ఒక పక్షం వహిస్తాడు. పరిశోధకులు ఎక్కువగా ఆమోదించేది 966నే. అయినా ఆ అంకె శాసనంలో ఉన్నది కాదు, నిర్ధారించినది. ఈ తేడాను నమోదు చేయడానికి పట్టికలో మరొక గడి ఉండాలి.

పేర్ల విషయం చూద్దాం. సామవాయికే కాడవన్ పెరుందేవి అన్న మరో పేరు ఉంది. తాళ్లపాక తిరుమలాచార్యులు తమిళ శాసనాల్లో తిరుమలయ్యంగారుగా కనిపిస్తారు. యంత్రం లెక్కలో ఒక్కరే ఇద్దరు దాతలవుతారు. తిరుచానూరు తిరుచ్చుకనూరుగా ఉంటుంది కనుక నేటి పేరుతో వెతికితే దొరకదు.

పటం గీయబోతే జిల్లా ఏదన్న ప్రశ్న వస్తుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందటి శాసన నివేదికల్లో చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉంటుంది. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో చేరింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు నెల్లూరు నుంచి ఇందులోకి వచ్చాయి. నేటి జిల్లా సరిహద్దుల మీద విజయనగర కాలపు దానగ్రామాలను గుర్తిస్తే తిరుత్తణి వైపు గ్రామాలు పటం బయట పడిపోతాయి. అప్పుడు కనిపించే ఖాళీకి కారణం 1960, పదహారవ శతాబ్దం కాదు.

పట్టికలో ఇమడని మరొక సంగతి దానం స్వభావం. దాత కొన్ని నర్పణాలు శ్రీభండారానికి చెల్లిస్తాడు. ఆ ధనంతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేస్తారు. పెరిగిన పంటతో నైవేద్యం జరుగుతుంది. నివేదించిన ప్రసాదంలో నాలుగవ వంతు ‘విట్టవన్ విళుక్కాడు’ పేరుతో దాతకే తిరిగి వస్తుంది. దీనిని ‘దానం’ అన్న ఒకే మాట కింద నమోదు చేస్తే పెట్టుబడి, ప్రతిఫలం రెండూ అదృశ్యమవుతాయి. కాలువ తవ్విన కూలీలు, పెరిగిన పంట పండించిన రైతులు శాసనంలో పేర్లతో లేరు, కనుక పట్టికలోనూ ఉండరు. శాసనం చివర వ్రాయసకాడైన ఆలయ గణకుడు తిరునిన్రవూరుడైయాన్ పేరు మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అనుభవం లేని విద్యార్థి పదాల తరచుదనాన్ని లెక్కించే సాఫ్ట్‌వేరుకు పాఠం మొత్తం ఇస్తే, దాతలందరినీ తోసిరాజని ఆ గణకుడే జాబితాలో పైవరుసకు చేరే అవకాశం ఉంది.