కోటు మాటున తుపాకి

అమెరికాలో తుపాకుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంటుంది: పూర్వం అక్కడ ఆయుధాలకు అడ్డూ అదుపూ లేదనీ, ఆంక్షలన్నీ ఈ కాలపువేననీ. అక్కడి రాష్ట్రాల చట్టాలను తిరగేస్తే కథ దాదాపు తలక్రిందులుగా కనబడుతుంది.

ఆయుధాన్ని దుస్తుల్లో దాచుకొని తిరగరాదని 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రాలు శాసించాయి. ఆనాటి నీతి వేరు. నడుమున బాహాటంగా తుపాకి కట్టుకొన్నవాడు మగధీరుడు. కోటు మాటున దాచినవాడు పొంచి కొట్టే పిరికిపంద. చేతికర్రలో కత్తి దాచుకొన్న బ్లిస్ అనే ఆయనకు పడిన శిక్షను 1822లో కెంటకీ న్యాయస్థానం రద్దుచేసి, ఆ చట్టాన్నే కొట్టివేసింది. 1850లో ఆ రాష్ట్రం తన రాజ్యాంగాన్నే మార్చుకొని, ఇటువంటి నిషేధం విధించే అధికారాన్ని శాసనసభకు కట్టబెట్టింది.

తరువాత లైసెన్సుల కాలం వచ్చింది. లైసెన్సు ఇవ్వడమూ మానడమూ అధికారి ఇష్టమైనప్పుడు, ఆ ఇష్టం ఎవరివైపు మొగ్గుతుందో ఊహించవచ్చు. ఫ్లోరిడా 1893 చట్టం నల్లజాతి కూలీలను నిరాయుధులను చేయడానికే పుట్టిందనీ, తెల్లవారికి వర్తింపజేసే ఉద్దేశమే లేదనీ 1941లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్యూఫోర్డ్ దాపరికం లేకుండా వ్రాశారు. 1956లో ఇంటిపై బాంబు పడిన తరువాత మార్టిన్ లూథర్ కింగ్ అలబామాలో తుపాకి అనుమతికి అర్జీ పెట్టుకొంటే నిరాకరించారు.

అదే ఫ్లోరిడా 1987లో, అర్హతలున్న వారందరికీ అనుమతి ఇచ్చి తీరాలని చట్టం చేసింది. అనేక రాష్ట్రాలు దానిని అనుసరించాయి. మొదట నిషేధించిన కెంటకీ 2019లో, లూసియానా 2024లో అసలు అనుమతిపత్రమే అక్కరలేదన్నాయి.

2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, "తగిన కారణం" చూపితేనే అనుమతి ఇచ్చే న్యూయార్క్ పద్ధతిని కొట్టివేస్తూ, ఆయుధ చట్టాలు దేశ చరిత్ర సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలన్నది. మరి 1813 నాటి నిషేధాల మాటేమిటి? బాహాటంగా ధరించే దారి మిగిల్చినందున అవి చెల్లాయని తీర్పు వివరించింది.

ఆ విధంగా చరిత్ర కోర్టులో సాక్షి అయింది. ఇరుపక్షాలకూ పనికివచ్చే సాక్ష్యం అందులో ఉన్నది. అందుకే "పూర్వం ఈ హక్కు ఉండేది" అని ఎవరన్నా, "ఉండేది కాదు" అని మరెవరన్నా, ఎవరికి అని ఒకమాట అడగాలనిపిస్తుంది.