ఎలివేషన్ చదవడం: హైదరాబాదు నుంచి యంగ్ స్ట్రీటు దాకా

వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లొచ్చిన పిల్లలు మిమ్మల్ని ఈ ప్రశ్న అడిగే ఉంటారు: "అమ్మమ్మ వాళ్ల బాల్కనీకి జైలులాగా ఆ ఊచలెందుకు?" దొంగల భయం అని ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకుంటాం. అది నిజమే గాని, సగం నిజం. మిగతా సగం చెప్పకపోతే అమ్మమ్మ ఊరంటే భయపడే ఊరు, వెనకబడ్డ ఊరు అని పిల్లలు తీర్మానించేసుకుంటారు. ఊరి మీద చిన్నచూపు ఏర్పడితే, ఆ ఊరి భాష నేర్పడం మనకు రెట్టింపు కష్టం.

అందుకే ఈ పాఠం. భవనం వీధికి చూపించే ముఖాన్ని మన బిల్డర్లు 'ఎలివేషన్' అంటారు. దాన్ని చూసి ఆ కాలపు చట్టాన్నీ, వాతావరణాన్నీ, లోపలివాళ్ల అవసరాన్నీ చదవవచ్చు.

రాతి ముఖం

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఊరిని సరిదిద్దడానికి నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. చార్మినారుకు ఉత్తరాన ఉన్న పత్తర్‌గట్టి ఆ బోర్డు పనే. కింద దుకాణాలు, పైన నివాసాలు, వీధి పొడవునా ఒకే తీరు గ్రానైటు కమానులు. ఉర్దూలో పత్థర్ అంటే రాయి, పేరులోనే సంగతి ఉంది. ఇక్కడ ముఖం ఎలా ఉండాలో లోపల ఉండేవాళ్లు చెప్పలేదు, బోర్డు చెప్పింది.

గ్రిల్లు ముఖం

1970, 80 దశకాల్లో చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, అమీర్‌పేట లాంటి చోట్ల పాత ఇళ్ల స్థలాల్లో నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు లేచాయి. వీటి నిర్మాణానికీ, యాజమాన్యానికీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. కాంక్రీటు స్తంభాలు, ఇటుక గోడలు, ప్రతి కిటికీ మీద ఎండకూ వానకూ అడ్డంగా ఒక సన్‌షేడ్: బిల్డర్ ఇచ్చే ముఖం అంతే. మిగతాది లోపలికి వచ్చినవాళ్లు పూర్తి చేశారు.

పిల్లలకు ఇక్కడ కాస్త నిదానంగా చెప్పండి. సొంత ఇంట్లో అరుగు మీద, వసారాలో, పెరట్లో జరిగే పనులన్నీ ఫ్లాటులో ఒక ఇరుకు బాల్కనీలోకి వచ్చి చేరాయి. బట్టలారేసే తీగ అక్కడే, తులసి కుండీ అక్కడే, సాయంత్రం కుర్చీ వేసుకుని వీధిని చూడటమూ అక్కడే. పిల్లలు కింద పడకుండా, కోతులు లోపలికి రాకుండా, దొంగ ఎక్కకుండా గ్రిల్లు. ఇల్లు చాలకపోతే బాల్కనీ మూసేసి ఒక చిన్న గది. అందుకే ఒకే భవనంలో ఏ రెండు ఫ్లాట్ల ముఖాలూ ఒకలా ఉండవు. ఎవరి డిజైను వాళ్లది.

అద్దాల ముఖం

2006లో హైదరాబాదు భవన నిబంధనలు మారాయి. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం చూసి ఎంత ఎత్తు కట్టవచ్చో నిర్ణయించే పద్ధతి వచ్చింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు పెద్ద పెద్ద టవర్లు లేచాయి. అద్దాలు, ఒకే రంగు, ఒకే వరస. చాలా చోట్ల బాల్కనీలో బయటికి కనిపించేలా బట్టలారేస్తే అసోసియేషన్ ఒప్పుకోదు. పత్తర్‌గట్టిలో బోర్డు చేసిన పని ఇక్కడ అసోసియేషన్ చేస్తోంది.

మన వీధిలో

ఇప్పుడు పిల్లలను యంగ్ స్ట్రీటు వైపు చూడమనండి. ఒంటారియోలో కాండోలకు చట్టం 1967లో వచ్చింది. ఆ రోజుల్లో టొరంటోలో ఫ్లెమింగ్‌డన్ పార్క్, థార్న్‌క్లిఫ్ పార్క్ లాంటి చోట్ల పొడుగాటి బాల్కనీలున్న టవర్లు కట్టారు. కొత్తగా వలస వచ్చిన ఎన్నో కుటుంబాలకు అవే మొదటి ఇళ్లు. ఇప్పటి కాండోలకు అద్దాలే గోడలు. ఇందులోనూ లోపాలున్నాయి: గదిలోని కాంక్రీటు స్లాబే బయటికి సాగి బాల్కనీ అయినచోట, చలికాలంలో లోపలి వేడి దాని వెంట బయటికి పోతుంది. 2011లో టొరంటోలో కొన్ని టవర్ల బాల్కనీ అద్దాలు పగిలి వీధిలో పడ్డాయి; 2012లో ఒంటారియో నిబంధనలు మార్చింది.

మన కాండోలకు గ్రిల్లెందుకు లేదు? ఇక్కడి వాళ్లు ధైర్యవంతులని కాదు. ఇక్కడ సాధారణంగా బాల్కనీ మనం వాడుకునేదే అయినా లెక్కకు ఉమ్మడి ఆస్తి. అనుమతి లేకుండా దాని ముఖం మార్చలేం. కోతుల బెడద అసలే లేదు!

తరగతిలో

చిన్నపిల్లల చేత తమ ఇంటి ముందుభాగం బొమ్మ గీయించి కిటికీ, గడప, మెట్లు, పిట్టగోడ అని పేర్లు రాయించండి. ఇల్లు కాండో అయినా, టౌన్‌హౌస్ అయినా, బేస్‌మెంటు అయినా సరే. ఏది గొప్ప అన్న పోలిక రానివ్వకండి.

పెద్దపిల్లల చేత అమ్మమ్మకో, తాతయ్యకో ఫోను చేయించండి. మూడు ప్రశ్నలు చాలు: "ఆ గ్రిల్లు ఎవరు పెట్టించారు? ఎందుకు? ఫ్లాటులోకి రాకముందు మీ ఇంటికి అరుగుండేదా?" జవాబు తెలుగులోనే రాసుకురమ్మనండి. అరుగు, పెరడు, వసారా అనే మాటలు పిల్లలకు బొమ్మల పుస్తకంలో కన్నా ఆ ఫోనులోనే బాగా అంటుతాయి. ఆ మాటలతో బతికిన మనిషి అవతల పలుకుతున్నప్పుడే అడిగించండి. ఈ పాఠాన్ని వచ్చే ఏటికి వాయిదా వేయకండి.