గణాక్షరం - నమూనా: పాఠ్యవిన్యాస నిర్వచనం దృష్ట్యా తెలుగు ఛందస్సు

ఒక వ్యవస్థ నమూనా వేరు, ఆ నమూనాను అక్షరాల్లో రాసే పద్ధతి వేరు. మోడల్ ఆధారిత సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఈ భేదం కొంత ఆలస్యంగా చర్చకు వచ్చింది. 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ఆమోదించిన యూఎంఎల్ ప్రధానంగా పెట్టెలు, గీతలతో కూడిన చిత్రభాష. రెండు చిత్రాల మధ్య తేడాను పట్టుకోవడం కంటే రెండు పాఠాల మధ్య తేడాను పట్టుకోవడం సులభం. అందువల్ల మోడలింగ్ భాషలకు పాఠ్యవిన్యాసాన్ని నిర్వచించే ప్రయత్నాలు వరుసగా సాగాయి. 2004 నాటి హెచ్‌యూటీఎన్ ప్రమాణం అన్ని మోడలింగ్ భాషలకూ వర్తించే ఒకే తరహా పాఠ్యరూపాన్ని ప్రతిపాదించింది. 2006లో వెలువడిన టీసీఎస్, ముందే ఉన్న మెటామోడల్‌కు విన్యాసాన్ని తగిలించే మార్గం చూపింది. ఆ కాలంలోనే రూపుదిద్దుకొన్న ఎక్స్‌టెక్స్ట్, వ్యాకరణం రాస్తే దాని నుంచే మెటామోడల్‌ను రాబట్టే మార్గాన్ని పట్టింది. నమూనా ముందా, రాత ముందా అన్నదే ఈ మార్గాల మధ్య అసలు తేడా.

ఈ ప్రశ్నకు తెలుగులో చాలా పాత ఉదాహరణ ఛందస్సు. ఆధునిక శాస్త్రమంతా పూర్వుల వద్ద ఉందని నిరూపించడం ఇక్కడి ఉద్దేశం కాదు. అటువంటి వాదాలు రెండు శాస్త్రాలకూ మేలు చేయవు. అయితే ఒక నిర్మాణాన్ని అక్షరాల్లో నిర్వచించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు రెండు చోట్లా ఒకటే.

గణాక్షరాల లిపి

మండపేటకు ఒకవైపు రాజమహేంద్రవరం, మరోవైపు ద్రాక్షారామం ఉన్నాయి. మొదటిది 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారత రచనకు పూనుకొన్న చోటు. రెండవదాని భీమేశ్వరుని వరప్రసాదిగా ఐతిహ్యం చెప్పే కవి వేములవాడ భీమకవి. తెలుగులో తొలినాటి ఛందోగ్రంథాల్లో ఒకటైన 'కవిజనాశ్రయం' ఆయనదని కొందరు, మల్లియ రేచనదని కొందరు వాదించారు. కర్తృత్వం ఎవరిదైనా, సంస్కృతం నుంచి వచ్చిన గణాక్షరాల లిపి తెలుగు ఛందోగ్రంథాలకు పునాది అయింది. మూడేసి గురులఘువుల కూర్పుకు ఒక్కొక్క అక్షరం పేరు: య, మ, త, ర, జ, భ, న, స. వీటికి ల, గ తోడవుతాయి. ఉత్పలమాల పాదాన్ని 'భరనభభరవ' అని, చంపకమాల పాదాన్ని 'నజభజజజర' అని రాస్తే నిర్వచనం ముగిసినట్లే.

ఈ లిపి క్లుప్తత మెచ్చుకోదగినది. కానీ అది నమూనాల మధ్య బంధుత్వాన్ని దాచిపెడుతుంది. ఉత్పలమాలలో మొదటి గురువు స్థానంలో రెండు లఘువులుంచితే చంపకమాల వస్తుంది. మిగిలిన పాదమంతా యథాతథం. గణాక్షరాల్లో చూస్తే మాత్రం పోలికే కనబడదు, ఎందుకంటే చేరిన ఒక్క అక్షరం గణాల హద్దులన్నిటినీ జరిపివేసింది. శార్దూలం (మసజసతతగ), మత్తేభం (సభరనమయవ) జంటది కూడా ఇదే కథ. యతిస్థానం సైతం ఉత్పలమాలలో పదో అక్షరం, అంటే నాలుగో గణం మొదలు. చంపకమాలలో పదకొండో అక్షరం, నాలుగో గణం నడుమ. లయలో అది ఒకే చోటు. నమూనాలో చిన్న మార్పు రాతలో చిన్న మార్పుగానే కనబడాలన్నది పాఠ్యవిన్యాస రూపకర్తలు కోరుకొనే గుణం. వృత్తాల గణలిపికి ఆ గుణం లేదు.

దేశి ఛందస్సు కోరిన సూత్రం

అక్షరాల వరుసగా రాసే పద్ధతి దేశి ఛందస్సుల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఇవి నన్నయకు ముందువి. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలోనే తరువోజ ఉంది. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఇంద్రగణాలు ఆరు రకాలు: నల, నగ, సల, భ, ర, త. సూర్యగణాలు రెండు: న, హ. లెక్క కడితే ఒక్క సీసపాదానికే 1,86,624 గురులఘు రూపాలు వస్తాయి. వాటన్నిటినీ భరనభభరవ తరహాలో రాయడం అయ్యే పని కాదు. అందుకే లాక్షణికులు వరుసను విడిచి వికల్పాలతో కూడిన సూత్రాన్ని పట్టారు: ఫలానా చోట ఫలానా జాతి గణం, ఆ జాతిలో ఏదైనా సరే. 1960 నాటి ఆల్గాల్ నివేదికతో ప్రసిద్ధమైన బాకస్-నార్ రూపంలోని సూత్రాల స్వభావం కూడా ఇదే. పాణిని పద్ధతికి, ఆ రూపానికి గల పోలికను 1967లోనే ఇంగర్‌మన్ ఎత్తిచూపారు. దేశి గణాలను ఆ కోణంలో చూడటం ఇంకా అవసరం.

ఇక్కడ గమనించదగిన విశేషం మరొకటి ఉంది. ఆరు ఇంద్రగణాల్లో ఏదీ మరొకదానికి ఆరంభభాగం కాదు. గురువుతో మొదలైతే మూడక్షరాలు, లఘువుతో మొదలైతే నాలుగు. సూర్యగణాలూ అంతే: గురువుతో మొదలైతే రెండు, లఘువుతో మొదలైతే మూడు. కనుక జాతి తెలిస్తే చాలు, ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదివి, వెనక్కి తిరగకుండా పాదాన్ని విడగొట్టవచ్చు. జాతి తెలియకపోతే మూడు లఘువుల దగ్గర చిక్కు తప్పదు: అది 'న' గణమా, 'నల' లేదా 'నగ' ఆరంభమా? ఆ సందేహాన్ని పాదంలోని స్థానం తీరుస్తుంది. ఇది శాస్త్రం ముందే ఆలోచించి పెట్టిన నియమం కాకపోవచ్చు. చెవి ముందు స్థిరపరచిన కొలతకు లాక్షణికులు తరువాత రాత కూర్చారనడమే సమంజసం. ఎక్స్‌టెక్స్ట్ కంటే టీసీఎస్ మార్గానికి ఇది దగ్గర.

గణసూత్రం ఎంత బిగువుగా ఉన్నా యతి, ప్రాసలు దానిలో ఇమడవు. యతి ఒకే పాదంలో దూరంగా ఉన్న రెండు అక్షరాలకు మైత్రి కోరుతుంది. ప్రాస నాలుగు పాదాల రెండో అక్షరాలను కలుపుతుంది. అందువల్ల లక్షణగ్రంథాలు వీటిని విడిగా చెప్పాయి. 1656 నాటి 'అప్పకవీయం' యతిప్రాసలకు కేటాయించిన విస్తృతి చూస్తే సమస్య బరువు తెలుస్తుంది. యూఎంఎల్ చిత్రాల్లో ఇమడని నిబంధనల కోసం ఓసీఎల్ అనే వేరే భాష 1997లోనే జతకావడానికి కారణం ఇటువంటిదే.

ఛందస్సును పరీక్షించే ప్రోగ్రాములకు అసలు కష్టం గణవిభజన కంటే ముందే, గురులఘు నిర్ణయంలోనే మొదలవుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు. కానీ ఆ సంయుక్తం తరువాతి పదం మొదట ఉండి, రెండు పదాలూ సమాసంగా కలవకపోతే, తెలుగులో ముందరి హ్రస్వం సాధారణంగా లఘువుగానే నిలుస్తుంది. అంటే గణం పదాల హద్దులను లెక్కచేయకపోయినా, గణాన్ని గుర్తించాలంటే ఆ హద్దు తెలిసి ఉండాలి; సమాసమేదో, విడిపదమేదో తేల్చుకోవాలి. ఆ సమాచారం అక్షరాల వరుసలో లేదు.