పసిపిల్లల పుర్రెకు అతుకు: ఒక శస్త్రచికిత్స పుట్టుపూర్వోత్తరాలు

పుర్రెలో ఏర్పడిన ఖాళీని పూడ్చే శస్త్రచికిత్సను వైద్యులు క్రేనియోప్లాస్టీ అంటారు. ప్రమాదంలో ఎముక నుజ్జయినప్పుడు, మెదడు వాపుకు చోటివ్వడానికి ఎముక పలకను తొలగించినప్పుడు, పుట్టుకతోనే ఎముక పూర్తిగా ఏర్పడక మెదడుపొరలు తిత్తిలా బయటికి ఉబికినప్పుడు దీని అవసరం పడుతుంది. పెద్దవారిలో ఇది ఉన్న ఖాళీని మూసే పని కాగా, పసివారిలో ఆ ఖాళీ చుట్టూ ఉన్న పుర్రె ఇంకా పెరుగుతూనే ఉంటుంది గనుక, పెరిగే ఎముకకు పెరగని వస్తువుతో అతుకు వేయవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ మొదటి నుంచీ శస్త్రవైద్యులను వెంటాడింది.

చరిత్రలోకి వెళితే, భోజరాజు తలకు జరిగిన శస్త్రచికిత్సను గురించి భోజప్రబంధం, వైద్యుడు జీవకుడు ఒక శ్రేష్ఠి తల తెరచిన వైనాన్ని గురించి బౌద్ధ వినయపిటకం చెప్పిన కథలు ప్రసిద్ధమే. రాజస్థాన్‌లోని హరప్పా కాలపు కాలీబంగన్‌లో ఆరు రంధ్రాలున్న ఒక పిల్లవాడి పుర్రె దొరకగా, తలలో నీరు చేరే జబ్బుకు చేసిన చికిత్సగా దానిని కొందరు పరిశోధకులు భావించారు. అయితే ఇవన్నీ పుర్రెను తెరవడానికి సాక్ష్యాలే తప్ప పూడ్చడానికి కావు. ఎముకతో పూడ్చినట్టు తొలి లిఖిత ప్రస్తావన 1668లో డచ్చి వైద్యుడు యోబ్ వాన్ మీకెరెన్ గ్రంథంలో కనిపిస్తుంది: ఒక రష్యన్ ప్రభువు తలకు కుక్క ఎముకను అతికించగా, చర్చి ఆగ్రహానికి భయపడి అతడు దానిని తీయించుకోబోయేసరికి అది అప్పటికే అతుక్కుపోయిందట.

తొలగించిన ఎముకనే తిరిగి అమర్చే పద్ధతిని 1821లో జర్మనీకి చెందిన ఫిలిప్ ఫాన్ వాల్టర్ ప్రయత్నించాడు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలు తలగాయాలను పెంచడంతో లోహపు రేకులు, 1940ల నుంచి యాక్రిలిక్, ఆపై టైటానియం వాడుకలోకి వచ్చాయి. ఇవి పెద్దవారికి బాగానే పనికివచ్చాయి గానీ, పిల్లవాడి తల పెరిగేకొద్దీ రేకు అంచులు వదులుకావడం, జరగడం, చీము పట్టడం వంటి చిక్కులు తెచ్చాయి.

పసివారికి సంబంధించినంతవరకు ఈ కథలన్నిటికన్నా విలువైనది 1816లో లండన్ వైద్యుడు జాన్ హౌషిప్ నమోదు చేసిన పరిశీలన. తలకు దెబ్బ తగిలిన ఒక బిడ్డలో పుర్రె ఎముక క్రమంగా కరిగిపోవడాన్ని ఆయన వర్ణించాడు. ఎక్కువగా మూడేళ్లలోపు పిల్లలలో వచ్చే ఈ అరుదైన స్థితికి తరువాత 'పెరిగే పుర్రె పగులు' అన్న పేరు స్థిరపడింది. ఎముకతోపాటు దాని కింద మెదడును కప్పి ఉండే డ్యూరా అనే గట్టి పొర కూడా చిరిగితే, వేగంగా పెరుగుతున్న మెదడు, దాని చుట్టూ ఉండే ద్రవం ఆ చీలికగుండా పైకి తోసుకువచ్చి, ప్రతి నాడీస్పందనతోనూ పగులు అంచులను ఒరుసుకుంటూ దానిని వెడల్పు చేస్తాయి. అందువల్లనే ఎముకను మాత్రమే మూస్తే చాలదు. డ్యూరా అంచులు ఎముక అంచులకన్నా వెనక్కి జరిగి ఉంటాయి కాబట్టి, పుర్రెను మరికొంత తెరచి, పుర్రెపై పొరనో తొడకండరాల మీది పొరనో తెచ్చి ముందు డ్యూరాను అతకాలి. ఎముక పుట్టించే శక్తి డ్యూరాకు శైశవంలో ఎంత ఎక్కువంటే, అది చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఏడాదిలోపు బిడ్డలలో చిన్న ఖాళీలు వాటంతటవే పూడుకుపోతాయి.

ఈ అవగాహన ఫలితంగానే పసివారి విషయంలో శస్త్రవైద్యులు వీలైనంతవరకు సొంత ఎముకకే మొగ్గుచూపారు. పుర్రెను పైపలక, లోపలి పలకలుగా చీల్చి ఒకదానిని ఖాళీకి వాడే పద్ధతి మేలైనదే గానీ, రెండింటి మధ్య స్పంజివంటి పొర మూడేళ్లలోపు సరిగా ఏర్పడదు గనుక చిన్నపిల్లలలో అది కష్టం. తొలగించిన పలకను అతిశీతల పెట్టెలోనో పొట్ట చర్మం కిందనో దాచి తిరిగి అమర్చినా, చిన్నపిల్లలలో అది కరిగిపోయే ప్రమాదం పెద్దవారిలో కన్నా ఎక్కువ.

భారతదేశంలో నరాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం 1949లో వెల్లూరులో జేకబ్ చాండీతో మొదలైంది. ఇక మన ప్రాంతానికి వస్తే, వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ఏర్పడి, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి దాని బోధనాసుపత్రి అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తల ఆపరేషన్లను పేదలకు అందుబాటులోకి తేవడం, తరువాత కళాశాల ఆవరణలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి రావడం ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల కుటుంబాలకు మేలు చేసిన మార్పులు. అయినా పెరిగే పగులు దెబ్బ తగిలిన వారాలకో నెలలకో బయటపడుతుంది గనుక, పుర్రె పగిలిన పసివాడు ఇంటికి వెళ్లిన రెండుమూడు నెలలకు మళ్లీ తల తడిమి చూపించుకోవాలని, దెబ్బతగిలిన చోట మెత్తని ఉబ్బు గాని, కొట్టుకునే పల్లం గాని కనిపిస్తే వెంటనే తీసుకురావాలని తల్లిదండ్రులకు డిశ్చార్జి రోజునే విడమరచి చెప్పడం ఆపరేషన్‌తో సమానమైన వైద్యం.