రెండుసార్లు పుట్టిన ఫొటోలు

కళాకారుడి జీవితకాలపు పనిని ఒక్కచోట చేర్చి చూపించే సింహావలోకన ప్రదర్శనను, అప్పటికే స్థిరపడిన చరిత్రను మన ముందు పరిచే ఏర్పాటుగానే సాధారణంగా భావిస్తాం. హంగేరియన్ ఆధునిక ఛాయాచిత్రకారుడు ఆంద్రే కెర్తేస్ విషయంలో ఈ వరుస తిరగబడింది. ఇవాళ మనకు తెలిసిన కెర్తేస్‌ను చాలావరకు ఆ ప్రదర్శనలే తయారుచేశాయి. 1894లో బుడాపెస్ట్‌లో పుట్టి, అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజిలో గుమాస్తాగా పనిచేస్తూ 1912లో మొదటి కెమెరా కొనుక్కున్నాడాయన. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా-హంగేరీ సైనికుడిగా కందకాల్లోకి కూడా చిన్న కెమెరా వెంట తీసుకెళ్లాడు. 1925లో పారిస్ చేరి, రెండేళ్లకే సొంత ప్రదర్శన పెట్టాడు. 1936లో న్యూయార్క్ వెళ్లాక మాత్రం పేరు మసకబారింది. 1962 దాకా పదేళ్లకు పైగా హౌస్ అండ్ గార్డెన్ పత్రిక కోసం సంపన్నుల ఇళ్ల లోపలి అలంకరణను ఫొటోలు తీయడమే ఆయన ఉద్యోగం. ప్రపంచమంతా తిరిగిన 1955 నాటి ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్ ప్రదర్శనలో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆ తర్వాత 1963లో పారిస్ జాతీయ గ్రంథాలయంలోనూ, 1964లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలోనూ ప్రదర్శనలు జరిగాయి. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆ రెండింటితో ఆయన మార్గదర్శకుల వరుసలోకి చేరాడు.

అంతకుముందే తోటివాళ్లకు ఆయన విలువ తెలుసు కదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుసు. బ్రాసై, కార్తియే-బ్రెసోఁ లాంటివాళ్లు ఆయనకు తాము పడిన రుణాన్ని దాచుకోలేదు. 1929లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన ఫిల్మ్ ఉండ్ ఫోటో మహాప్రదర్శనలోనూ ఆయన చిత్రాలున్నాయి. కానీ వృత్తిలో ఉన్నవాళ్ల గౌరవం వేరు, చరిత్ర పుస్తకంలో చోటు వేరు. రెండోది దక్కాలంటే చెదిరిన పని ఒకచోటికి చేరాలి. కెర్తేస్ పని నిజంగానే చెదిరిపోయింది. అమెరికా వెళ్తూ ఫ్రాన్స్‌లో వదిలిపెట్టిన నెగటివ్‌లు రెండో ప్రపంచయుద్ధాన్ని దాటి, 1963లో గానీ ఆయన చేతికి తిరిగి రాలేదు.

వాటిలో గాజు పలకలు చాలా పగిలిపోయి ఉన్నాయి. అందులో ఒకటి 1929లో మోమార్త్ర్ వైపు తీసిన దృశ్యం. తీసిన రోజున అది మామూలు ఫొటోయే. పలకకు పడిన చిల్లు, దాని చుట్టూ పరుచుకున్న పగుళ్లు అలాగే ఉంచి కెర్తేస్ దాన్ని ప్రింటు చేశాడు. ‘పగిలిన పలక’ పేరుతో అది ఆయన ప్రఖ్యాత చిత్రాల్లో చేరింది. దాని కింద 1929 అని రాస్తారు గానీ, మనం మెచ్చుకునే ఆ చిత్రం 1929లో లేనే లేదు. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. మిగతా ఫొటోలదీ కొంతవరకు ఇదే కథ. హంగేరీ రోజుల ప్రింట్లు పలక ఎంతుంటే అంతే, నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు. అరచేతిలో పెట్టుకుని ఒక్కరే చూడాల్సినవి. పారిస్ తొలినాళ్లలో పోస్ట్‌కార్డు కాగితం మీద ప్రింటు చేసేవాడు. వాటిని గోడకు తగినట్టు పెద్దవి చేసినప్పుడు, చూసే దూరమూ మారింది, చిత్రం స్వభావమూ మారింది. పారిస్‌లో ఆ మూడు నాలుగేళ్లలో వచ్చిన ఆ పోస్ట్‌కార్డు ప్రింట్లనే 2021లో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ విడిగా ప్రదర్శించి, వాటి అసలు కొలతకు గౌరవమిచ్చింది. అది చేయవలసిన పనే.

ఇలా అంటే ఆయన గొప్పతనమంతా మ్యూజియంల కల్పన అన్నట్టు కాదా? కాదు. 1917లో ఎస్తెర్గోమ్‌లో నీటి అడుగున ఈదుతున్న మనిషి శరీరాన్ని నీరు, వెలుతురు కలిసి వంకరలు తిప్పిన తీరును గమనించిన చూపు ఏ క్యూరేటరూ ఇచ్చింది కాదు. 1933లో అద్దాల్లో సాగిపోయిన నగ్నదేహాల ‘వక్రతలు’ వరుసకు ఆ చూపే మూలం. ప్రదర్శనలు చేసింది ఎంపిక, క్రమం, కథ. ఆ కథలో నాకు అభ్యంతరమున్న భాగం ఒకటుంది. పారిస్ వెలుగు, అమెరికా చీకటి అనే విభజన. పట్టించుకోలేదన్న బాధ కెర్తేస్‌కు చివరిదాకా ఉంది. అందుకు కారణాలూ ఉన్నాయి. యుద్ధకాలంలో శత్రుదేశ పౌరుడిగా ముద్రపడి స్వేచ్ఛగా ఫొటోలు తీయలేకపోయాడు. అయినా 1945లో ‘డే ఆఫ్ పారిస్’ పుస్తకం వచ్చింది, మరుసటి ఏడు చికాగోలో ప్రదర్శన జరిగింది. రాక్‌ఫెల్లర్ సెంటర్ పక్కన దారితప్పిన చిన్న మబ్బు 1937 నాటిది, తలవాల్చిన తులిప్ పువ్వు 1939 నాటిది. వాషింగ్టన్ స్క్వేర్ మీద కురిసిన మంచును పై అంతస్తు కిటికీ నుంచి తీసిన చిత్రాలూ అమెరికావే. ఆ దశాబ్దాలను ఖాళీగా చూపితే, తిరిగి కనుగొన్నామన్న ఘనత మరింత పెద్దదవుతుంది. ఆ ఘనత కోసం ఈ చిత్రాలను తక్కువ చేయడం అన్యాయం. అందుకే కెర్తేస్ ప్రదర్శనలో ప్రతి చిత్రం పక్కనా తీసిన సంవత్సరంతోపాటు ప్రింటు చేసిన సంవత్సరమూ ఉండాలి, ఇళ్ల అలంకరణ ఫొటోలకూ ఒక గోడ దక్కాలి.